తుమ్మ మీద బదనిక

కార్వాన్‌లో మా పుట్టింటి పెరటి గోడకు అవతల మూసీ, ఇవతల నల్లతుమ్మ. ఆ చెట్టును ఎవరూ నాటలేదు. నల్లరేగడి, వానాకాలం నీళ్లు నిలిచే చోటు దొరికితే తుమ్మకు ఇంకేమీ అక్కర్లేదు. మేకలు కాయలు తిని పెంటికల్లో గింజలు వదిలితే చాలు, మొలిచేస్తుంది. మొదలు నీళ్లలో మునిగినా చావదు, మే నెల ఎండకూ చావదు. జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని కాబట్టి ఈ మాటలు ఎన్నోసార్లు చెప్పి ఉంటాను.

చీలికలు పడ్డ నల్లటి బెరడు, తెల్లటి జంట ముళ్లు, సన్నసన్నటి ఆకులు, వానలు పడ్డాక గుండ్రటి పసుపుపచ్చ పూలు. కాయలు పూసలు గుచ్చినట్టు నొక్కులు పడి, బూడిదరంగు నూగుతో ఉండేవి. మా బాపుది పప్పుల హోల్‌సేల్ దుకాణం. మధ్యాహ్నం భోంచేసి ఆ చెట్టు కింద నవారు మంచం మీద నడుం వాల్చేవాడు. ఆ కునుకు పడకపోతే సాయంత్రం ఆయనతో మాట్లాడటం మా వల్ల అయ్యేది కాదు.

వేరే చెట్టు రసం పీల్చి బతికే బదనిక దానికి ఎప్పుడు పట్టిందో ఎవరూ చూడలేదు. ఏదో పిట్ట దాని పండు తిని, జిగట గింజను కొమ్మకు రాసిపోయి ఉంటుంది. నేను గమనించేసరికి, సరిగ్గా మంచం మీదికి వంగిన కొమ్మ మీద దళసరి ఆకులతో, ఎర్రటి పూలతో గుబురుగా పెరిగింది. దాని వేరు దిగిన చోట కొమ్మ వాచి బుడిపె కట్టింది. బుడిపె అవతల తుమ్మ ఎండిపోతోంది. మిగతా కొమ్మల మీదా అక్కడక్కడా మొలిచింది.

తీసేయించమన్నాను. మా వర్తకుల ఇళ్లలో బదనిక అంటే అదృష్టం. మంచి నక్షత్రం చూసి రెమ్మ తెంపి, పసుపు కుంకుమ పెట్టి గల్లాపెట్టెలో దాచుకుంటారు. పైగా ఆ ఏడే బాపుకు కందిపప్పు బేరం కలిసొచ్చింది. ఇక నా మాట చెవికెక్కుతుందా?

“లక్ష్మి దానంతటదే వచ్చి మనింట్ల కూసున్నది బిడ్డా. కొట్టెయ్యమంటవేంది?” అన్నాడు.

కనీసం మంచమైనా పక్కకు జరపమంటే, నీడ అక్కడే ఉందన్నాడు. అదీ నిజమే. ఎండాకాలంలో తుమ్మ ఆకులు రాలిపోయినా బదనిక పచ్చగా ఉండేది. బాపు మొహం మీద పడే నీడ దానిదే. నాకు ఒళ్లు మండేది. ఆదివారాలు మాదన్నపేటలోని మా ఇంటి నుంచి వెళ్లి, ఆయన గురకపెడుతుంటే కొమ్మ వంక చూస్తూ కూర్చునేదాన్ని. తుమ్మ కర్ర బండి చక్రాలకు వాడేంత గట్టిది, అంత బరువూను. పైన ఏ చిన్న చప్పుడైనా లేచి నిలబడేదాన్ని.

ఆ ఆదివారం ఆకు కూడా కదల్లేదు. బాపు మంచి నిద్రలో ఉండగా ఎవరో తలుపు కొట్టారు. విసుక్కుంటూ లేచి వెళ్లి తీశాడు. వచ్చింది పక్క దుకాణం ఆయన. ఇద్దరూ పెరట్లోకి వస్తుండగానే కొమ్మ బుడిపె దగ్గర విరిగి మంచం మీద పడింది. మంచం రెండు ముక్కలైంది. దిండు నిండా ముళ్లు దిగాయి. బాపు దగ్గరికి వెళ్లి దిండును చూశాడు. ఇప్పటికైనా వింటాడని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఎందుకొచ్చావని బాపు పక్క దుకాణం ఆయన్ని అడిగాడు. గల్లాలోకి బదనిక రెమ్మ అడుగుదామని వచ్చానన్నాడు ఆ మనిషి. బాపు వంగి, పడిన కొమ్మ మీది బదనిక ఆకులను కళ్లకద్దుకున్నాడు.

“చూసినవా బిడ్డా? నన్ను లేపింది ఇదే. ఇగ దీన్ని ముట్టేది లేదు.”

కాదని ఎలా అనను? అతను రాకపోతే బాపు లేచేవాడు కాదు. ఆయన మాటలో అబద్ధం లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు కొత్త మంచం వచ్చింది. మిగిలిన కొమ్మల్లో బదనిక బాగా దట్టంగా పట్టింది వంటింటి వైపు కొమ్మకే. నీడ చల్లగా ఉందని బాపు మంచం దాని కింద వేయించాడు.