నెత్తిన కుండ లేని గొల్లభామ

పెట్టె తెరిస్తే ముందు గంజి వాసన వస్తుంది. అడుగున జానెడు చీరముక్క ఉంది. ముదురు ఎరుపు కొంగు మీద నెత్తిన కుండ, చేతిలో చల్లముంతతో వరుసగా నడిచే గొల్లభామలు, వాళ్ల మధ్య ఒకామె నెత్తి మాత్రం ఖాళీ. ఇన్నేళ్ల పాత గుడ్డకు గంజి వాసన ఎక్కడిదని మా ఆయన అడుగుతాడు. నా ముక్కుకు జ్ఞాపకశక్తి ఎక్కువ, మిగతా తెలివి అంతంతమాత్రం అని చెప్పి తప్పించుకుంటాను.

సిద్దిపేట దగ్గరి మా పల్లెలో, పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మా ఇల్లంటే ఒక మగ్గం, దాని చుట్టూ మిగిలిన జాగాలో మేము ముగ్గురం: బాపు అని పిలిచే నాన్న, అవ్వ అని పిలిచే అమ్మ, నేను. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే అవ్వ నూలుకు గంజి పట్టించేది, నేను కండెలు చుట్టేదాన్ని. వానలు వెనకబట్టి తంగేడు పూసే బతుకమ్మ రోజుల్లో వాడలోని ఆడపిల్లలంతా గునుగుపూల కట్టలతో మా వాకిట్లోకి దిగి, బాపు రంగు కుండల అడుగున మిగిలిన ఎరుపులో, నీలంలో పూలు ముంచి, మోచేతుల దాకా రంగు పూసుకుని, ఎవరింటి నువ్వుల సద్ది తియ్యగా ఉంటుందో తగువాడుకుంటూ వెళ్లేవారు. నాకు ఇంతమంది స్నేహితులా అని మురిసిపోయేదాన్ని. నూలు దొరకక కుండలు ఎండిపోయిన ఏడు ఒక్కరూ రాలేదు. వాళ్ల స్నేహం కుండలతో అని అప్పుడు తెలిసింది.

ఆ ఏడే బాపు షోలాపూర్ మిల్లుకు పోయాడు. అంతకుముందు ఏటేటా ఊరి దొర ఉండే కోటలాంటి గడికి ఒక చీర వెట్టికి, అంటే ఊరికే, నేసి ఇచ్చేవాడు. ఆఖరి చీర నేసేటప్పుడు గడి మనిషి పక్కనే నిలబడి తొందరపెడుతుంటే, ఒక భామకు కుండ ఎత్తడం మరిచిపోయాడు. "పోనీ తియ్యి, ఒక్కతన్న సుకంగ నడుస్తది," అని నవ్వాడు. గడి మనిషి నవ్వలేదు. తప్పుపడ్డ చీర అని తిట్టి, ఆ తప్పుపడ్డ చీరనే జాగ్రత్తగా మడిచి పట్టుకుపోయాడు.

పండగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ పొద్దున దొరసాని పాత చీరలు పంచేది. ఆడవాళ్లు గడి మెట్ల కింద కొంగు చాచి నిలబడాలి, పైనుంచి చీర పడగానే కాళ్లు మొక్కాలి. బాపు పోయాక వచ్చిన పండగకు అవ్వ ఒంటి మీదున్న ఒక్క చీర గడప దాటలేనంత చిరిగిపోయింది. చీర దొరికితేనే సాయంత్రం ఆటకు వస్తుంది. అందుకని ఆమె బదులు నేను నిలబడ్డాను.

"మీ అవ్వేదే?" అంది దొరసాని.

"ఇంట్ల ఉంది దొరసానీ. చీర ఉంటె చీర కోసం వచ్చేది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా చేతుల్లో చీర పడింది. కొంగు విప్పుకుంది. కుండ లేని భామ నన్నే చూస్తోంది.

"గిది మా బాపు నేసింది," అన్నాను.

"అయితేంది? కాల్మొక్కి తీస్కపో," అన్నాడు గడి మనిషి.

"మాది మేం తీస్కోనీకె మొక్కుడెందుకు?"

ఆ క్షణాన గుండె ఉప్పొంగిందని రాయాలని ఉంది. నిజానికి కడుపులో ఆకలి అరిచింది, ముక్కు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మొక్కితే అయిపోయేది. అదేమిటో, నడుం వంగలేదు. గడి మనిషి చీర లాక్కుని, వెనకున్న ఎల్లవ్వ కొంగులో పడేశాడు. కూలికి పోయే ఎల్లవ్వ మొక్కింది. ఆమెకూ చీర లేదు మరి.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. "ఎరుపు ఎలిసిందా?" అని అడిగింది.

"లేదవ్వా."

"మీ బాపు ఏసిన రంగు," అని మళ్లీ తలుపు చాటుకు జరిగింది.

సాయంత్రం నా చిన్న బతుకమ్మను ఎత్తుకుని ఒక్కదాన్నే చెరువుకట్టకు పోయాను. గడికి భయపడి ఎవరూ ఆటలోకి రానివ్వలేదు. దూరంగా దించుకుని, పాట నేనే ఎత్తుకుని, వంత నేనే పాడి, చుట్టూ నేనే తిరిగాను. తొక్కిసలాట లేదు, అదొక్కటే లాభం. పెద్ద ఆటలో ఎల్లవ్వ వీపు మీద కుండ లేని భామ తిరుగుతూ తిరుగుతూ నాకు కనబడి పోయేది.

ఆ చీర చిరిగిపోయాక ఒకనాడు ఎల్లవ్వ కొంగు ముక్క కత్తిరించి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీది మీకే బిడ్డా. నాకు మొక్కకు మల్ల," అంది.

ఇప్పుడు గడి రాళ్లు ఊరి ఇళ్ల పునాదుల్లో ఉన్నాయి. బాపు షోలాపూర్ నుంచి రాలేదు. మగ్గం గుంట పూడ్చి పైన బియ్యం కుండ పెట్టాం. అవ్వా లేదు, ఎల్లవ్వా లేదు. బతుకమ్మ ఆటలో నాకు చోటిస్తున్నారు. కానీ పాట అయ్యీ కాకముందే వంత కూడా నేనే అందుకుంటాను. అందరూ ఆగి నావైపు చూస్తారు.