బొమ్మలు నిలబడే చోటు

నేను చేసిన మొదటి గుట్ట మీద ఒక్క బొమ్మ కూడా నిలబడలేదు.

మూడు నెలల ఆదివారాలు దానికే పెట్టాను. ఫ్రిజ్ పెట్టెలో వచ్చిన థర్మాకోల్ ముక్కలు అతికించి, కత్తితో చెక్కి, మా ఆఫీసు వెనుక అప్పట్లో పేల్చేస్తున్న బండల్ని చూసి అచ్చం ఆ రంగులే వేశాను. మూసాపేటలోని నా గది నుంచి మియాపూర్ దాకా మెట్రోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. పక్క సీటావిడ దేవుడి మండపానికా అని అడిగింది. కాదండి, ఆటకి అన్నాను.

ఆట అంటే బల్ల మీద ఆడే యుద్ధం. చదరంగంలా గళ్ళుండవు. అంగుళమంత సిపాయి బొమ్మల్ని టేపుతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకోవాలి. బల్ల మీద గుట్టలు, ఇళ్ళు, వాగులు ఉంటేనే రుచి. నాకు ఈ ఆట నేర్పినాయన ఆఫీసులో నాకన్నా ఆరేళ్ళు పెద్ద. కరీంనగర్ వైపు మనిషి. నేను కాకినాడ నుంచి కొత్తగా వచ్చి, ఎవరితోనూ కలవలేక ఒక్కణ్ణే భోజనం చేస్తుంటే, తన టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. కొన్నాళ్ళకే ఆయన నాకు అన్న అయ్యాడు, నేను ఆయనకు తమ్మీ అయ్యాను. ఆయన భార్య బడిలో లెక్కలు చెప్పేది. మియాపూర్‌లో ఉండేవాళ్ళు, పిల్లలు లేరు.

గుట్టను బల్ల మీద పెట్టగానే అన్న చుట్టూ తిరిగి చూశాడు. ఒక సిపాయిని తీసి మధ్యలో నిలబెట్టాడు. జారింది. ఇంకో చోట పెట్టాడు. పక్కకు ఒరిగి కిందపడింది, ఈటె విరిగింది. నా ముఖం చూసి, దాన్ని అతికించుకోవచ్చులే అన్నట్టు జేబులో వేసుకున్నాడు.

"గుట్ట మంచిగుంది తమ్మీ. మరి సిపాయిలు నిలబడనీకి జాగేది?" అన్నాడు.

ఆ సాయంత్రమే నేర్పాడు. బొమ్మ అడుగున ఉండే బిళ్ళను అట్ట మీద పెట్టి, చుట్టూ పెన్సిల్ గీయాలి. ప్రతి మెట్టూ కనీసం అలాంటి రెండు బిళ్ళలు పట్టేంత వెడల్పు ఉండాలి. ఇంటికీ ఇంటికీ మధ్య అరచెయ్యి దూరాలి. పైకప్పు ఊడి రావాలి, లేకపోతే లోపల సిపాయిల్ని ఎలా పెడతాం? చెట్లను నేలకు అతికించకూడదు, అడ్డమొస్తే తీసేలా విడి చెక్క మీద పెట్టాలి. చూడ్డానికి కొంచెం అబద్ధంగా ఉన్నా ఫరవాలేదు, దూరం నుంచి కన్ను సర్దుకుంటుంది అనేవాడు. నాలుగేళ్ళు నేను చేయడం, ఆయన బొమ్మలు పెట్టి చూసి తప్పులు చెప్పడం, ఆ తర్వాత ఇద్దరం ఆడుకోవడం. వదిన మిర్చి బజ్జీలు వేసి పెట్టి, ఎవరు గెలుస్తున్నారో అడిగి వెళ్ళేది.

ఒక వానాకాలం ఆయన వేళ్ళలోంచి బొమ్మలు జారడం మొదలైంది. కీబోర్డు మీద చేసీ చేసీ చెయ్యి తిమ్మిరెక్కిందన్నాడు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. పిలవడం మానేశాడు. నేను ఫోన్ చేస్తే ఆఫీసు పని అనేవాడు. ఒకే ఆఫీసులో ఉన్న నాతో ఆ మాట అంటున్నానని కూడా ఆయనకు తోచలేదు. చివరికి వదినే చెప్పింది, నరాల జబ్బని, కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడతాయని, మందు లేదని.

నాకు చేతనైంది చేశాను. బొమ్మల అడుగున అయస్కాంతాలు అతికించాను. ఆరేసి బొమ్మలు పట్టే రేకు పళ్ళాలు చేసి, ఒక్కోదానికి పట్టుకోవడానికి సీసా మూత బిగించాను. గుట్టల అంచులకు సన్నని గట్లు పెట్టాను. వాటితో వెళ్ళిన రోజు ఆయన పళ్ళాన్ని పిడికిలితో పట్టుకుని మెల్లగా పైమెట్టు దాకా చేర్చాడు. ఒక్క సిపాయి కూడా పడలేదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"నా రోగం కోసం చేసినవా ఇది?"

"కాదన్నా. ఇప్పుడందరూ ఇలాగే చేస్తున్నారు."

నమ్మలేదు. నమ్మినట్టు తలూపాడు.

తర్వాత ఏడాదిన్నర, ఆయన చేతి పట్టు ఎంత తగ్గితే నా మెట్లు అంత వెడల్పయ్యాయి. ఇక పళ్ళెం కూడా కదపలేని రోజున, చక్రాల కుర్చీలో కూర్చుని ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు, నేను పెట్టేవాణ్ణి. మాట ముద్దగా వచ్చేది. పొరపాటున వేరే చోట పెడితే మళ్ళీ మళ్ళీ చెప్పి సరిచేయించేవాడు. ఓడిపోతే మునుపట్లాగే ముఖం ముడుచుకునేవాడు. అది చూసి నాకు సంతోషంగా ఉండేది.

కుర్చీలోంచి ఆయనకు బల్ల అవతలి సగం కనబడటం లేదని గమనించాను. అప్పుడు మొత్తం బల్లనే ఆయన వైపు వాలుగా చేద్దామనుకున్నాను. వాలు మీద కూడా బొమ్మలు పట్టుకునేలా కింద రేకు, మధ్యలో వాగు, రెండు ఒడ్లకూ వెడల్పు మెట్లు. ఆ ఆదివారానికి పూర్తికాలేదు, రాలేనని ఫోన్ చేశాను. తర్వాతి ఆదివారం వాగు రంగు ఆరలేదు. వచ్చే వారం తెస్తానన్నాను.

ఆ బుధవారం ఊపిరితిత్తులకు నెమ్ము చేసి దవాఖానలో చేర్చారు. శుక్రవారం పొద్దున పోయాడు.

దశదిన కర్మ అయ్యాక బల్లను మదీనాగూడలో ఇదే ఆట ఆడేవాళ్ళకు ఇచ్చేస్తానని వదినతో అన్నాను. ఆయనకు చూపించలేకపోయినందుకు బాధపడుతూ, ఇంకో వారం ఉంటే అయిపోయేదని ఏదేదో చెప్పుకొచ్చాను. ఆమె చివరిదాకా విని చెప్పింది.

"రెండు ఆదివారాలు పొద్దుగాలే గడ్డం గీయించుకుని కూసున్నడు. తమ్మి బల్ల చేస్తున్నడు, ఇయ్యాల రాడు అని చెప్పిన. బల్ల ఎందుకు, ఉత్త చేతుల్తోని రమ్మను అన్నడు. నీకు ఫోన్ చేద్దామంటే వద్దన్నడు, కష్టపడుతున్నడు కదా అని."

నన్ను తప్పుపట్టడానికి చెప్పలేదు. జరిగింది చెప్పింది. నేను బాల్కనీలోకి వెళ్ళి, ఎదురుగా ఉన్న డిపోలోకి మలుపు తిరుగుతున్న బస్సుల్ని చూస్తూ నిలబడ్డాను. ఏడుపు అప్పుడు రాలేదు. ఇంటికొచ్చి, బల్లకు మిగిలిన రంగు వేసి చేతులు కడుక్కుంటుంటే వచ్చింది.

వదిన ఆ ఇల్లు ఖాళీ చేసి కరీంనగర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. సిపాయిల్లో నలుగుర్ని తనతో తీసుకెళ్ళింది, మిగతా బొమ్మల్ని, బల్లని మదీనాగూడ వాళ్ళకిచ్చాం. నేను ఆడటం మానేశాను. ఎవరైనా గుట్ట చేసిపెట్టమంటే చేస్తాను, మెట్లు ఎంత వెడల్పుండాలో మాత్రం ముందే అడుగుతాను. ఆదివారాలు వదినకు ఫోన్ చేస్తాను. ఎక్కువగా ఆమే మాట్లాడుతుంది, నేను వింటాను.