లండన్‌లో దిగే తేదీ

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక ఆగస్టులో, మా ట్రావెల్ కంపెనీ నన్ను కొత్తగూడెం బ్రాంచికి సీనియర్ టికెటింగ్ ఆఫీసరుగా బదిలీ చేసింది. అక్కడికొచ్చేవాళ్లు దూరం అడగరు. వానాకాలంలో చర్ల నుంచి భద్రాచలం రావాలన్నా కిలోమీటర్లతో పనిలేదు, ఎన్ని గంటలన్నదే లెక్క. అందుకని హైదరాబాద్ నుంచి లండన్ సుమారు ఎనిమిది వేల కిలోమీటర్లని చెప్పడం మానేశాను. మధ్యలో విమానం మారడానికి ఆగే సమయంతో సహా పదహారు గంటలనేవాణ్ణి. మా వృత్తిలో దాన్ని ఎలాప్స్‌డ్ టైమ్ అంటారు. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా గడిచే మొత్తం సమయమన్నమాట.

చర్ల దగ్గర పల్లె నుంచి సువార్త అనే నర్సు టికెట్ తీసుకుంది. రెండేళ్లు పరీక్షలు రాసి లండన్ ఆసుపత్రిలో ఉద్యోగం సంపాదించిన పిల్ల. బయలుదేరే రోజున గోదావరి పొంగి రోడ్డు మునిగింది. విమానం లేవకముందే ఎయిర్‌లైన్‌కు కబురు చేసి, టికెట్ రద్దు కాకుండా చూశాను. మర్నాడు నీళ్లు తీశాక, సాయంత్రం ఐదింటికి తండ్రి ఏసోబుతో కలిసి బురద కాళ్లతో ఆఫీసుకొచ్చింది. ఆ దేశంలో అడుగుపెట్టడానికి వీసాలో ఉన్న ఆఖరి తేదీ ఆ మర్నాడే. అది దాటితే వీసా మళ్లీ మొదటి నుంచి. ఆసుపత్రి అంతకాలం ఆగదు.

కరెంటు లేదు, కంప్యూటర్ లేవలేదు. ముప్పై ఏళ్ల అనుభవముందన్న ధీమాతో నోటిలెక్క వేశాను. రేపు పొద్దున పదింటికి విమానం, పదహారు గంటలు, దిగేసరికి రాత్రి రెండు, అంటే ఎల్లుండి. లాభం లేదమ్మా అన్నాను. సువార్త పాస్‌పోర్టు సంచిలో పెట్టుకుని లేచింది.

ఏసోబు మాత్రం కదల్లేదు. "సార్, రెండంటే మన రెండా, ఆళ్ల రెండా? ఆడ పొద్దు మనకన్న ఎనక అని, ఏ యాళకు ఫోన్ చెయ్యాలెనో బిడ్డ మొన్ననే చెప్పింది" అన్నాడు.

వేళ్లమీద మళ్లీ లెక్కపెట్టాను. అక్కడివాళ్లు వేసవిలో గంట ముందుకు తిప్పుకునే గడియారం ప్రకారం లండన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మన రెండింటికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, తేదీ ఇంకా మారదు. టికెట్‌మీద వేసేదీ, ఇమిగ్రేషన్ అధికారి చూసేదీ దిగే ఊరి సమయమే. కొత్తగా చేరిన గుమాస్తాకు మొదటి వారంలో నేను నేర్పే పాఠమది!

వెంటనే హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేసి సీటు ఖాయం చేయించి, కారు మాట్లాడి పంపాను. "జల్దీ పోనియ్ అన్నా" అని ఏసోబు డ్రైవరును తొందరపెట్టాడు. రెండు రోజుల తర్వాత ఆయనే వచ్చి, కూతురు పంపిన ఫోటో ఫోనులో చూపించాడు. పాస్‌పోర్టుమీద ముద్ర ఆ ఆఖరి తేదీదే. నాకు ప్రాణం కుదుటపడింది.

ఆ తర్వాత ఎవరికైనా కుదరదని చెప్పాల్సి వస్తే, ముందు కాగితంమీద లెక్క వేసి మరొకరితో సరిచూయించేవాణ్ణి. కుదురుతుందని తప్పు చెబితే ప్రయాణికుడు తిరిగొచ్చి నిలదీస్తాడు. కుదరదని తప్పు చెబితే నమ్మి ఇంటికి వెళ్లిపోతాడు, మన తప్పు మనకు ఎప్పటికీ తెలియదు.