అండాలు మగ్గం నంబరు

మా పోచంపల్లిలో అచ్చు గుద్దిన బట్టను ఇక్కత్ అని చెప్పి అమ్మే దుకాణంవాడు ఎవడైనా సరే, అండాలు వీధిలో కనబడితే ముఖం అటు తిప్పుకుంటాడు. ఆమె ఊరుకోదు మరి. కొనేవాళ్ల ముందే చీర కొంగు పట్టుకుని తిరగేస్తుంది. నేసిన చీరకు రెండు వైపులా ఒకే పువ్వు ఉంటుంది. అచ్చు గుద్దిన దానికి వెనక వెలవెలబోతుంది. నోటితో ఒక్క మాట అనదు. తిరగేసి చూపించి, కొంగు వదిలేసి, తన దారిన తాను పోతుంది. అప్పుడు చూడాలి ఆ దుకాణంవాడి ముఖం!

నేను ఆమె ఎదురింటి శ్యామలమ్మను. ఆమె చీరలకు చిటికి కట్టేది నేనే, అంటే రంగు అంటకూడని చోట దారాలకు ముడులు వేసేది. రోజూ ఆమె గడపలోనే కూర్చునేదాన్ని, ఆమె సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

భర్త గోపయ్య పోయిన నాటి నుంచి అండాలు చీరల వ్యాపారి సేటు ఇచ్చిన పట్టుతో సేటు చెప్పిన చీరే నేసింది. మగ్గం తనదే, చెయ్యి తనదే, చీర మాత్రం వాడిది. కూలి చేతిలో పెడితే తీసుకుని రావడమే. ఒకసారి సొంతంగా పట్టు కొనుక్కుని నేస్తానంటే వాడు నవ్వి, "నా పట్టు లేకుంటే నీ మగ్గానికి బూజు పడతది" అన్నాడట. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటి నుంచి నోరు కట్టుకుని పట్టు కోసం బ్యాంకులో దాస్తూ వచ్చింది. మరిది కొడుకు శివకుమార్ ఆమె ఫోనులో ఈమెయిలు పెట్టించి, ఆమె నేసిన చీరల ఫోటోలు పంపడం నేర్పాడు. బెంగుళూరు నుంచి ఒకామె చీర కావాలని రాసింది కూడా. ఇంకేముంది, సేటు ఇంటికి పోయి, నీ పట్టు నాకక్కర్లేదని చెప్పి వచ్చింది అండాలు. ఆమె అలా నవ్వుకుంటూ నడవడం నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను.

ఆ వారంలోనే బ్యాంకు పేరుతో మెయిలు వచ్చింది. పైన బ్యాంకు గుర్తు, కింద ఎవరో మేనేజరు పేరు. మీ ఖాతా వివరాలు సరిగా లేవు, సాయంత్రం లోపల సరిచేసుకోకపోతే ఖాతా ఆగిపోతుంది, మీ మగ్గాన్ని జాబితా నుంచి తీసేస్తారు, కింద ఉన్న లింకును నొక్కండి అని రాసి ఉంది. అంతవరకైతే శివకుమార్ కూడా నమ్మేవాడు కాదు. కానీ అందులో అండాలు మగ్గం నంబరు ఉంది.

ఆ నంబరంటే మా వాళ్లకు ప్రాణం. మగ్గాలు లెక్కపెట్టడానికి వచ్చినవాళ్లు ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చి, ఆ నంబరున్న బిళ్ల మగ్గానికి కొట్టి పోయారు. నేతవాళ్లకు ఏ సాయం రావాలన్నా ముందు అదే అడుగుతారు. అందుకే ఆ నంబరు చెప్పినవాడు సర్కారువాడో బ్యాంకువాడో అయ్యుంటాడని మా వీధిలో అందరి నమ్మకం. నేనూ అదే అన్నాను. తొందరగా కానియ్యమని శివకుమార్‌ను తొందరపెట్టింది కూడా నేనే.

అండాలు ఫోను శివకుమార్ చేతిలో పెట్టింది. ఖాతా ఆగితే పట్టు లేదు, పట్టు లేకపోతే మళ్లీ సేటు గడపే. శివకుమార్ లింకు నొక్కి, ఆమె పేరు, ఫోను నంబరు కొట్టాడు, కార్డు నంబరు కొట్టాడు. టింగుమని ఫోనుకు ఓటీపీ వచ్చింది. అదీ కొట్టబోయాడు.

ఆమె వాడి చెయ్యి పట్టి ఆపి, ఓటీపీ ఒక్కటే కాదు, ఆ మెసేజి మొత్తం చదివించుకుంది. దీన్ని ఎవరికీ చెప్పవద్దు, బ్యాంకువాళ్లు అడిగినా చెప్పవద్దు అని ఉందట.

"బ్యాంకే అడుగుతాంది, బ్యాంకే చెప్పొద్దంటాంది. రెండిట్ల ఒకటి దొంగది. గా మెయిలు తిరగెయ్యి బిడ్డా" అంది.

మెయిలును తిరగెయ్యడం ఏమిటని నాకు నవ్వొచ్చింది. శివకుమార్‌కు మాత్రం అర్థమైంది. పంపినవాడి పేరు మీద నొక్కాడు. పైన బ్యాంకు పేరు ఉంది గానీ, దాని వెనక అసలు అడ్రసు ఎక్కడిదో, నోరు తిరగని అక్షరాల గొలుసు. బ్యాంకుతో దానికి ఏ చుట్టరికమూ లేదు. పిల్లవాడి ముఖం పాలిపోయింది.

"మరి మగ్గం నంబరు ఎట్ల తెలిసింది పెద్దమ్మా?" అన్నాడు.

అండాలు మగ్గం వైపు చూసింది. మా ఊరు చూడటానికి వచ్చినవాళ్లంతా ఆ మగ్గం పక్కన నిలబడి ఫోటోలు దిగి ఇంటర్నెట్టులో పెడతారు. బిళ్ల మీది నంబరు ప్రతి ఫోటోలోనూ కనబడుతుంది. మేము తాళం చెవిలా చూసుకునే నంబరును లోకమంతా చూస్తూనే ఉంది. ఛీ, ఇన్నాళ్లూ ఈ ఆలోచన ఒక్కరికైనా తట్టిందా?

కార్డు వెనక అచ్చేసిన బ్యాంకు ఫోను నంబరుకు శివకుమార్ ఫోను చేసి కార్డు ఆపించాడు. పైసలు పోలేదని తెలిశాకే అండాలు మంచినీళ్లు తాగింది. ఆ గ్లాసు కింద పెట్టేలోపే ఇంకో ఫోను. బ్యాంకు మేనేజరునంటూ ఎవడో, మేడమ్ మేడమ్ అని మొదలుపెట్టి, ఓటీపీ చెప్పకపోతే మగ్గం రద్దయిపోతుందని, ఇంటికి పోలీసులు వస్తారని బెదిరించాడు. పెట్టెయ్యమని నేను సైగ చేశాను. వింటేగా!

"మా సేటు బూజు పడతదన్నడు, నువ్వు రద్దన్నవు. మీ ఇద్దరు చెప్తే ఆగే మగ్గం కాదిది. పోలీసులను తోలుకరా, ఈడ్నే కూసుంట" అంది. వాడే పెట్టేశాడు. ఆ మెయిలునూ వాడి ఫోను నంబరునూ శివకుమార్ సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పి రాయించాడు.

మర్నాడు అండాలు బ్యాంకుకు పోయి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి, పైసలు తీసుకుని, అటునుంచి అటే పోయి పట్టు కొనుక్కొచ్చింది. ఆ పట్టుకు చిటికి కట్టేటప్పుడు నా వేళ్లకు ఎక్కడలేని గర్వం.

అంతా అయ్యాక శివకుమార్, ఆ బిళ్ల పీకి లోపల దాద్దామన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. అండాలు ఇంతెత్తున లేచింది.

"నా మగ్గం నంబరు నేనెందుకు దాస్త? దొంగతనం నేను జేసిన్నా?"

రంగు గిన్నెలో మిగిలిన ఎర్రరంగు తెచ్చి, బిళ్ల కింద చెక్క మీద తన చేత్తోనే వంకర అక్షరాలతో రాసింది: "గీ నంబరు లోకమందరికి ఎరుక. ఇది చెప్పి పైసలడిగెటోడు దొంగ." వారం తిరగకుండా మా వీధిలో సగం మగ్గాల మీద అదే మాట. మా ఇంట్లో మగ్గం మీదా నేనే రాయించాను.

మొన్న ఎవరో హైదరాబాదు నుంచి వచ్చి ఆమె మగ్గం దగ్గర ఫోటో తీస్తున్నారు. మగ్గం మీద బెంగుళూరు చీర సగం దాకా వచ్చింది. మనిషి అడ్డం ఉందని ఆమెను కొంచెం జరగమన్నారు. అండాలు జరిగింది.

"నంబరు మంచిగ రానియ్యి సారూ, కింద రాసింది గూడ" అంది.