గోరంట్ల పొట్టేలుకు రెండు నెలల గడువు

పదేళ్ల కిందట, మే నెల ఆఖరి వారంలో, నన్ను గోరంట్ల పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, అంటే ఆ ఆస్పత్రి బాధ్యత చూసే డాక్టరు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. పశువులు చూలు కట్టకపోవడానికి కారణాలేమిటన్నదే నేను పీజీలో చదివిన విషయం. అందుకే గొర్రెలు ఎక్కువగా ఉన్న మండలం దొరికినందుకు సంతోషించాను. వాన మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయిన ఏడాది అక్కడ చాలా ఇళ్లను నడిపేది గొర్రెలే.

జూన్ రెండో వారంలో ఓబులేసు అనే కాపరి తన విత్తనపు పొట్టేలును ఆటోలో తెచ్చాడు. గొర్రెలను చూలు కట్టించడానికి మందలో ఉంచుకునే పొట్టేలును అలా అంటారు. ఆయనకు నలభై ఆడ గొర్రెలు, ఈ ఒక్క పొట్టేలు. కొని నెల దాటింది. రోజంతా గొర్రెల వెంట పరుగులు తీస్తోందని, అయినా ఒక్కటీ చూలు నిలవక పదిహేడు రోజులకల్లా మళ్లీ ఎదకు వస్తున్నాయని చెప్పాడు. ఆ ఎద కాలం దాటితే ఆ ఈత పిల్లలు లేనట్టే. పనికిరాదని నేనొక మాట చెబితే శనివారం కసాయికి ఇచ్చేస్తానన్నాడు.

పొట్టేలును పరీక్షించాను. పక్కటెముకలు తేలి ఉన్నాయి. గుండె విపరీతమైన వేగంతో కొట్టుకుంటోంది. మిట్టమధ్యాహ్నం వెలుతురులో కూడా కంటిపాపలు విచ్చుకునే ఉన్నాయి. గట్టిగా ఉండాల్సిన వృషణాలు మెత్తబడ్డాయి. మేతలో ఏం పెడుతున్నావని అడిగాను. ఉలవలు, వేరుశనగ కట్టె, అంటే కాయలు తీశాక మిగిలే ఎండు చెట్లు, తప్ప ఇంకేమీ లేదన్నాడు.

మర్నాడు ఆయన గొర్రెల దొడ్డికి వెళ్లాను. ఎర్రమన్ను నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు పూయించాను. అది గొర్రె మీదికి సరిగ్గా ఎక్కి దాటితే ఆ రంగు గొర్రె తోక పైభాగాన అంటుకోవాలి. మధ్యాహ్నానికి చూస్తే మరకలు గొర్రెల భుజాల మీద, డొక్కల మీద ఉన్నాయి. ఎదకు వచ్చి కదలకుండా నిలబడిన గొర్రెను వదిలేసి, పారిపోయే గొర్రెను తరుముతోంది. మామూలు పొట్టేలు ముందు వాసన చూస్తుంది, పై పెదవి ఎత్తుతుంది. ఇది ఆ పని ఒక్కసారి కూడా చేయలేదు. అలాంటి పొట్టేలును నేను అంతకుముందు చూడలేదు. జబ్బు కాదు, ఏదో మందు పని అనిపించింది.

మేత సంగతి మళ్లీ అడిగాను. ఓబులేసు చేతికర్ర తీసుకుని గొర్రెల వైపు నడిచాడు. ఆయన భార్య నాగమ్మ నీళ్ల కుండ దించి నా దగ్గరికి వచ్చింది.

“ఆయప్ప చెప్పడు మేడమ్. దినామూ పొద్దున బెల్లంలో పెట్టి మాత్ర ఇస్తాండాడు. అమ్మినోడే ఇచ్చినాడు, హుషారుగా ఉంటాదని.”

లోపలి నుంచి పేరూ ఊరూ లేని పొట్లం తెచ్చి ఇచ్చింది. ఆ మాత్రలను, పొట్టేలు రక్తాన్ని బెంగళూరులోని ఒక ల్యాబుకు పంపించాను. మాత్రల్లో ఉన్నది మెదడును ఉద్రేకపరిచే మందు. రక్తంలో మగతనపు హార్మోను, అంటే టెస్టోస్టెరాన్, ఉండాల్సినదానికంటే చాలా తక్కువగా ఉంది. ఇలాంటి మందు రోజూ పడితే ఒంట్లో ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. అది పెరిగితే వృషణాల చేత పని చేయించే మెదడు సంకేతాలు తగ్గుతాయి. బయటికి పొట్టేలు ఉరకలు వేస్తూ కనిపిస్తుంది, లోపల విత్తనం ఎండిపోతూ ఉంటుంది.

మా అసిస్టెంట్ డైరెక్టరు నాకు పై అధికారి. పనికిరాదని సర్టిఫికెట్ రాసి కేసు ముగించమన్నారు. మాత్ర మాన్పించి చూస్తానని నేను రెండు నెలల గడువు అడిగాను. కొత్త వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు అంత కాలం పడుతుంది. ఆలోపు పరీక్షిస్తే కనిపించేది పాత నష్టమే. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు. ఈ ఈత పోయినట్టేనని ఓబులేసుకు ముందే చెప్పాను. ఎద కాలంలో ఎవరూ తమ పొట్టేలును అరువివ్వరు.

మాత్ర ఆపిన ఆరో రోజు ఓబులేసు ఆస్పత్రికి నడిచి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

“లేస్తా లేదు మేడమ్. మేత ముట్టడంలా. ఒక మాత్ర పెడితే లేస్తాది గదా, పెట్టేదా?”

“పెడితే లేస్తాది ఓబులేసన్నా. రేపు ఇంగొకటి పెట్టాల. నీకు లేసే పొట్టేలు కావాల్నా, పిల్లల్నిచ్చేది కావాల్నా?”

ఆయన గడప దాటి లోపలికి వచ్చాడు. పంచె మడతలోంచి, ఇంట్లో నాకు ఇవ్వకుండా దాచుకున్న ఇంకో పొట్లం తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నా మాట తప్పయితే ఆ మనిషికి ఏమీ మిగలదని తెలుసు.

మూడు రోజులకోసారి వెళ్లి గ్లూకోజు, బలానికి ఇంజెక్షన్లు ఇచ్చాను. పొట్టేలును గొర్రెలకు దూరంగా కట్టించాను. పదో రోజు అది తనంతట తాను లేచి నిలబడింది. నెల గడిచేసరికి ఒళ్లు చేసింది. ఆరో వారంలో దడి అవతలి గొర్రెల వైపు మూతి పెట్టి వాసన చూసి, పై పెదవి ఎత్తింది. నాగమ్మ నన్ను పిలిచి చూపించింది.

ఆగస్టు మూడో వారంలో వీర్యం సేకరించి, చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టాను. మంచి వీర్యంలో లక్షల కణాలు ఒక్కసారిగా కదులుతుంటే మేఘాలు సుళ్లు తిరుగుతున్నట్టు ఉంటుంది. అక్షరాలా అదే కనిపించింది. అసిస్టెంట్ డైరెక్టరు గారిని పిలిచాను. ఆయన కన్ను పెట్టి చాలాసేపు చూశారు. నా పెన్ను అడిగి తీసుకుని, కేసు షీటులో ‘ఫిట్’ అని తన చేత్తో రాసి సంతకం చేశారు. నా సర్వీసులో నాకు దక్కిన ప్రశంసల్లో దానికే పెద్దపీట వేస్తాను.

సెప్టెంబరులో తర్వాతి ఎద కాలం రాగానే పొట్టేలును మందలోకి వదిలాం. ఫిబ్రవరిలో నలభై గొర్రెల్లో ముప్పై నాలుగు ఈనాయి.

మార్చిలో కాపరులకు అవగాహన సదస్సు పెట్టాం. ఈ కేసు గురించి పేరు చెప్పకుండా మాట్లాడదామనుకున్నాను. నేను మొదలుపెట్టగానే ఓబులేసు లేచి నిలబడ్డాడు.

“ఆ పొట్టేలు నాదే. మాత్ర పెట్టింది నేనే, మేడమ్ అడిగితే దాచింది గూడా నేనే. మీలో ఎవురన్నా పెడతాంటే ఈడనే చెప్పండప్పా.”

సదస్సు అయ్యాక సోమందేపల్లె వైపు నుంచి వచ్చిన ఇద్దరు కాపరులు అలాంటి పొట్లాలే తెచ్చి నా చేతిలో పెట్టారు. వాటిని మందుల తనిఖీ అధికారికి ఉత్తరంతో పంపించాను. నేనొక్కదాన్నే చెప్పి ఉంటే ఆ పొట్లాలు బయటికి వచ్చేవి కావు.

ఆ తర్వాత సంతానలేమి కేసుల్లో మేత వివరాలను ఆస్పత్రి బల్ల దగ్గర అడిగి ఊరుకోవడం మానేశాను. దొడ్డికి వెళ్లి, మేత పెట్టే మనిషిని, ఇంటి ఆడమనిషిని విడిగా అడిగేదాన్ని. జవాబు దాచినవాణ్ని తిట్టకూడదని కూడా అప్పుడే నేర్చుకున్నాను. తిట్టి ఉంటే ఓబులేసు దాచిన రెండో పొట్లం నా బల్ల మీదికి వచ్చేది కాదు.