ఒక్క షాఫ్టుకి మూడు పేర్లు

వీరదుర్గ మొగల్తూరు దగ్గర సముద్రంలో చేపల వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టింది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, రాజమహేంద్రవరంలో పడవలకు గేర్‌బాక్సులు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరింది. ఆమె తండ్రి బుల్లియ్య పడవకు ఉన్నదీ ఆ ఫ్యాక్టరీ గేర్‌బాక్సే.

ఓ కార్తీకంలో ఆ గేర్‌బాక్సు షాఫ్టు పాడైతే ఫ్యాక్టరీవాళ్లు కొత్తది పంపారు. బిగిస్తే సరిగ్గానే కూర్చుంది. కానీ అది డిజైన్ మార్చకముందటి పాత రకం; సముద్రంలో విరిగింది. ఇంకో పడవ వాళ్లు తాడు కట్టి లాక్కొస్తుంటే, ఆ తాడు కింద బుల్లియ్య చెయ్యి నలిగింది.

ఫ్యాక్టరీలో ఎవరిని అడిగినా తమ తప్పు లేదన్నారు. నిజమే. డ్రాయింగులో షాఫ్టుకి ఒక పేరు, స్టోర్సులో ఇంకో పేరు, కొనుగోళ్ల దగ్గర మరో పేరు. డిజైన్ మార్చిన సంగతి డ్రాయింగు దాటి బయటికి రాలేదు.

ప్రతి భాగానికీ ఒకే గుర్తింపు, అది ఎప్పుడెలా మారింది, ఏ లోహం, దేంట్లో బిగుస్తుంది – ఇవన్నీ ఏ సాఫ్ట్‌వేరైనా చదువుకునేలా పొందుపరిచే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. దాన్ని తెద్దామని వీరదుర్గ యజమాని గంగాధర్‌ గారిని ఒప్పించింది. సీనియర్ డిజైనర్ సత్తిరాజు గారికి మాత్రం నచ్చలేదు.

"ఏది దేనికో నన్నడిగితే చెప్తాను కదమ్మా! ఇంత తతంగం ఎందుకు?"

"సముద్రం మీదున్నవాళ్లు మిమ్మల్నెక్కడ అడుగుతారండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మర్నాడు పొద్దున్నే పాత డ్రాయింగులు చంకన పెట్టుకుని ఆమె టేబుల్ దగ్గరికొచ్చారు. ఉప్పునీళ్లకి ఏ స్టీలు ఆగలేదో, ఏ కొలత ఎందుకు మార్చారో ఆయన చెబుతుంటే, ఆమె కంప్యూటర్లోకి ఎక్కించేది. పని ముగిసేసరికి రెండు వర్షాకాలాలు దాటిపోయాయి.

ఆ తర్వాత గంగాధర్‌ గారు ఫ్యాక్టరీని చెన్నై కంపెనీకి అమ్మేశారు. వాళ్లు సమాచారమంతా తీసుకెళ్లి తమ సాఫ్ట్‌వేర్‌లో తెరిచారు. ఎవరినీ ఒక్క ముక్క అడగాల్సిన పని పడలేదు. రాజమహేంద్రవరంలో డిజైన్ సెక్షన్ అవసరం ఇక లేదన్నారు.

"మనం చేసింది బాగానే ఉందన్నమాట," అన్నారు సత్తిరాజు గారు, సొరుగు ఖాళీ చేసుకుంటూ. వీరదుర్గకు గర్వంగానే అనిపించింది. ఆ గర్వం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

వీరదుర్గను మాత్రం చెన్నై రమ్మన్నారు. ఆమె మొగల్తూరు వెళ్లింది. చెయ్యి దెబ్బతిన్నాక బుల్లియ్య పడవను తన తమ్ముడు పెదబాబుకి అప్పజెప్పి, రేవులో చేపల వేలం చూసుకుంటున్నాడు.

"వెళ్లమంటావా నాన్నా?"

"నీకు ఇష్టమైతే ఎళ్లు. నా కోసమైతే వద్దు."

ఇష్టమేనా అని తనని తాను అడిగి చూసుకుంది. వెళ్లలేదు. కొవ్వూరులో, చేపల చెరువుల నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు చేసే చిన్న వర్క్‌షాపులో చేరింది. రాజమహేంద్రవరం నుంచి రోజూ బస్సులో గోదావరి వంతెన దాటి వెళ్లొస్తోంది.