సూరమ్మ గారి గొంతు, పదకొండు పీచు చాపలు

పంతులమ్మ శ్రీమతి యాళ్ల సూరమ్మ గారు. వయస్సు యాభై రెండు సంవత్సరములు. ఈ లేఖ వ్రాసిన విశ్రాంత గుమాస్తాకు ఆమెతో పరిచయం పందొమ్మిదేళ్లది.

తొంభై ఆరు తుఫానుకు అంబాజీపేట చేరువలోని ఆమె పెంకుల బడి కూలిపోయింది. రెండేళ్లకు శ్లాబు వేసిన కొత్త హాలు వచ్చింది. నున్నని సిమెంటు గోడలు, ఎత్తైన కప్పు. మధ్యన అడ్డుగోడ మాత్రం లేదు. ఒక కొసన సూరమ్మ గారి రెండో తరగతి, మరో కొసన నాలుగో తరగతి. ఊరంతా సంబరపడింది. పాఠం చెప్పడానికి నోరు తెరిచేదాకా ఆమె కూడా సంబరపడ్డారు.

పాత బడిలో పెంకుల సందులలోంచి, తడికల్లోంచి చప్పుడు బయటికి పోయేది. ఇక్కడ దానికి దారి లేదు. గోడకు తగిలి తిరిగివచ్చిన మాట తరువాతి మాట మీద పడేది. వెనక వరుసకు రొద తప్ప పాఠం అందేది కాదు. ఆమె గొంతు పెంచారు. రొద కూడా పెరిగింది. దానితో పిల్లలూ అరిచారు, అవతలి మాస్టారూ అరిచారు. ఏడాది తిరిగేసరికి తరగతి చదువులో వెనుకబడింది, ఆమెకు ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా చేత్తో గ్లాసు చూపించవలసి వచ్చేది.

"ఇంకో ఏడాది ఇలాగే అరిస్తే ఈ గొంతు తిరిగి రాదండి," అన్నారు అమలాపురం డాక్టరు గారు.

నిరుడు ఆషాఢంలో ఒకనాడు, పిల్లలు కూర్చోవడానికి తెచ్చుకున్న గోనెపట్టాలు వానకు తడిశాయి. ఆమె వెనక గోడ వెంబడి తాడు కట్టి వాటిని ఆరేయించారు. ఎక్కం మొదలుపెట్టి సగంలో ఆగారు. తన మాట తన మీదికి తిరిగి రాలేదు. గొంతు తగ్గించి మళ్లీ చెప్పారు. ఆఖరి వరుసలోని పిల్ల తప్పు లేకుండా అప్పజెప్పింది.

మర్నాడే కొబ్బరి పీచు చాపలు నేసే బుల్లెమ్మ ఇంటికి వెళ్లి, బడి గోడకు కట్టడానికి చాపలు కావాలన్నారు.

"ఏంటండి పంతులమ్మగారూ, బడి గోడకి చలేస్తుందా?"

"గోడకి కాదు బుల్లెమ్మా, నా గొంతుకి."

బుల్లెమ్మ నవ్వి, అంచులు చెడి పక్కన పడేసిన పదకొండు చాపలు ఇచ్చింది. వాటిని గోడకు జానెడు ఎడంగా వేలాడదీశారు. మూడు నెలలు సూరమ్మ గారు అరవకుండా పాఠం చెప్పారు.

తరువాత తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇది బడా, పీచుకొట్టా అండి? కొత్త గోడకి ఈ వేషం ఏంటి? తీయించండి."

"ఒక్క నిమిషం వెనక కూర్చుని వినండి," అన్నారామె, మెల్లగానే. ఆయన అప్పటికే జీపు దగ్గర ఉన్నారు. వారంలో తాఖీదు వచ్చింది: చాపలు తొలగించవలెను, తరగతి చదువులో వెనుకబడినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. చాపలు తీసిన నాలుగో రోజుకు ఆమె గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు సంజాయిషీ వ్రాసే ఓపిక లేదు, చెప్పే గొంతూ లేదు.

కావున అధికారి వారికి ఆమె తరఫున మనవి. తాము మరొకసారి బడికి దయచేసి, ఆఖరి వరుసలో పిల్లల పక్కన కూర్చుని, చాపలు లేకుండా ఒక పాఠం, చాపలు కట్టించి ఒక పాఠం వినవలెను. విన్న పిమ్మట, అడ్డుగోడ లేచేవరకు వాటిని ఉండనిచ్చి, తాఖీదును ఉపసంహరించవలెను. చాపలు బుల్లెమ్మ గారి అరుగు మీద చుట్టి ఉన్నవి. కబురు చేసిన గంటలో కట్టగలరు.